పేరున్న చావులు, అంకెల చావులు

ఏటా జూలై 10వ తేదీ ఉదయం రాయవేలూరులోని స్మారక స్తంభం దగ్గర పుష్పగుచ్ఛాలు ఉంచుతారు. అధికారులు వస్తారు, నాయకులు వస్తారు. 1857 కంటే యాభై ఒక్క ఏళ్ళ ముందే దక్షిణాది సిపాయి తెల్లదొర మీద తుపాకి ఎత్తాడని గుర్తు చేస్తారు. దేశ చరిత్ర రాసినవారు మీరట్‌ను చూసినట్టు వేలూరును చూడలేదన్నది తమిళ నేతల పాత ఫిర్యాదు. అందులో నిజం లేకపోలేదు. టిప్పు సుల్తాన్ పేరు ఎన్నికల సరుకుగా మారిన తరువాత, అది సిపాయిల ఆగ్రహమా లేక కోటలో బందీలుగా ఉన్న టిప్పు కుమారుల కుట్రా అనే రెండువందల ఏళ్ళ వాదానికి కొత్త పదును కూడా వచ్చింది. ఇన్ని ఉపన్యాసాల మధ్య ఒక్క ప్రశ్న వినబడదు. ఆ రోజు ఆ కోటలో చనిపోయిన సిపాయిలు ఎవరు? వారి పేర్లేమిటి, ఏ ఊళ్ళవారు?

సిపాయిల గురించి చదువుతున్నప్పుడు నాకీ ప్రశ్న తట్టలేదు. వారిని చంపిన పటాలం గురించి చదువుతున్నప్పుడు తట్టింది. ఆ ఉదయం ఆర్కాటు నుంచి గుర్రాల మీద వచ్చి కోటను తిరిగి పట్టుకున్నది 19వ లైట్ డ్రగూన్లు అనే బ్రిటిష్ రాజుగారి రౌతుల పటాలం. దాని కాగితాలు వెతకడం మొదలుపెట్టినవారికి తొలి అడుగులోనే ఒక చిక్కు ఎదురవుతుంది. 19 అన్న సంఖ్య ఒక పటాలానిది కాదు, నాలుగింటిది. 1759లో డ్రొగెడా ప్రభువు లేపిన మొదటి పటాలం కొద్ది ఏళ్ళకే 18వదిగా మారింది. 1779లో పుట్టిన రెండోది నాలుగేళ్ళు బతికి రద్దయింది. మనకు కావలసిన మూడోది 1781లో సర్ జాన్ బర్గోయిన్ చేతిమీదుగా 23వ లైట్ డ్రగూన్లు అన్న పేరుతో పుట్టి, 1786లో 19వదిగా మారింది. నాలుగోది 1857 తిరుగుబాటు తరువాత తయారైంది. ఈ వంశక్రమం తెలియనివారు 1783 నాటి కాగితాల్లో 19ని వెతికితే మరొకరి తాతను తమ తాతగా ఇంటికి తెచ్చుకుంటారు. సైన్యంలో సంఖ్య గుర్తింపు కాదు, హోదా. రాజ్యం దాన్ని ఒకరి దగ్గర తీసుకుని మరొకరికి ఇవ్వగలదు. ఈ కథలో అది మళ్ళీ మళ్ళీ జరుగుతుంది.

ఆ పటాలం ఇండియాకు రావడానికి మూలకారణం హైదరలీ. 1780 సెప్టెంబరు 10న పొలిలూరు దగ్గర కర్నల్ బెయిలీ దండు మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. ఆ దండు బయలుదేరింది గుంటూరు నుంచి అన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లో సాధారణంగా కనబడదు. మైసూరు గుర్రపుదళం ముందు కంపెనీకి చెప్పుకోదగ్గ రౌతులు లేరు. కాలిబంట్లతో ఎంత దూరం నడిచినా, వెనక వచ్చే ధాన్యపు బండ్లను హైదరు రౌతులు కొట్టుకుపోయేవారు. అందుకే ఇంగ్లండులో రౌతుల పటాలం ఒకటి లేచి, ఓడలెక్కి, 1782లో మద్రాసులో దిగింది. ఇండియాలో కాలు మోపిన మొట్టమొదటి బ్రిటిష్ రాజ అశ్వికదళం అదే. బర్గోయిన్ 1785లో మద్రాసులోనే కన్నుమూశాడు. తరువాత పటాలానికి దిక్కుగా నిలిచినవాడు జాన్ ఫ్లాయిడ్. అతని కుమార్తె జూలియా తరువాతి కాలంలో బ్రిటిష్ ప్రధాని రాబర్ట్ పీల్‌కు భార్య అయింది.

యుద్ధాల పట్టిక పొడుగైనది. అందులో రెండు చాలు. 1799లో శ్రీరంగపట్నం, 1803లో అస్సాయి. శ్రీరంగపట్నం కొల్లసొమ్ములో సర్వసేనాని హారిస్ వాటా లక్షా నలభై వేల పౌండ్లు దాటింది. మామూలు సిపాయికి, అతడు తెల్లవాడైనా నల్లవాడైనా, పట్టుమని పది పౌండ్లు దక్కలేదు. నల్లవాడికి మరింత తక్కువ. ఇక అస్సాయి నేటి మహారాష్ట్రలో జాల్నా జిల్లాలో ఉన్న చిన్న పల్లె. 1803 సెప్టెంబరు 23న అక్కడ సింధియా, భోంస్లేల ఉమ్మడి సైన్యాన్ని ఆర్థర్ వెలెస్లీ ఎదుర్కొన్నాడు. మరాఠా ఫిరంగుల ముందు 74వ హైలాండర్లు నుగ్గునూచమై పోతుండగా, 19వ పటాలం, దానితో పాటు మద్రాసు దేశీయ అశ్వికదళాలు దూకి వారిని కాపాడాయి. పటాలాన్ని నడిపిన కర్నల్ మాక్స్‌వెల్ అక్కడే కూలిపోయాడు. వెలెస్లీ పక్షాన చనిపోయినవారు, గాయపడినవారు కలిపి పదిహేను వందల పైచిలుకు. ఆ గెలుపుకు గుర్తుగా 19వ పటాలానికి దక్కిన చిహ్నం ఏనుగు, దాని మీద అస్సాయి అన్న అక్షరాలు.

ఇక్కడ కాస్త ఆగి, ఆ రోజుల్లో యుద్ధ నివేదికలు ఎలా ఉండేవో చెప్పాలి. మరణించిన యూరోపియన్ అధికారుల పేర్లు వరుసగా రాస్తారు. ఆ కింద గడులు గీస్తారు: యూరోపియన్లు ఇంతమంది, దేశీయులు ఇంతమంది, గుర్రాలు ఇన్ని. గుర్రాల్లోనూ ఏవి చచ్చాయో, ఏవి గాయపడ్డాయో, ఏవి తప్పిపోయాయో వేర్వేరుగా ఉంటుంది. చనిపోయిన సిపాయి ఆ కాగితం మీద గుర్రం పక్క గడిలోని అంకె.

అధికారి కాని తెల్ల రౌతు కూడా నివేదికలో అంకే. కానీ అతనికి మరో పుస్తకం ఉంది. లండన్ శివారులోని క్యూలో ఉన్న బ్రిటిష్ జాతీయ అభిలేఖాగారంలో యుద్ధశాఖ కాగితాల పన్నెండో వరుసలో పటాలాలవారీగా హాజరు పట్టీలు, జీతాల చిట్టాలు భద్రంగా ఉన్నాయి. ప్రతి రౌతు పేరు, అతనికి ముట్టిన జీతం, ఆ మూడు నెలల్లో ఎక్కడున్నాడు, ఆసుపత్రిలోనా, కాపలాలోనా, చెరలోనా, చనిపోతే ఏ తేదీన, అన్నీ అందులో ఉంటాయి. ఇదంతా ప్రేమతో చేసిన పని కాదు. సైన్యానికి సొమ్ము ఇచ్చేది పార్లమెంటు. చచ్చినవాడి పేరు బతికినట్టు రాసి జీతం మింగే దొరలు తక్కువేమీ కాదు. అందుకని లెక్క గట్టిగా అడిగేవారు. మన ఉపాధి హామీ మస్టర్లకూ వాటికీ పేరు ఒక్కటే కాదు, పుట్టుక కూడా ఒక్కటే. దొంగతనానికి భయపడి రాసిన లెక్క రెండువందల ఏళ్ళ తరువాత చరిత్రగా మిగిలింది. ఇక బతికి బయటపడి పింఛను పొందినవాడికైతే చెల్సీ ఆసుపత్రి కాగితాల్లో పుట్టిన ఊరు, సైన్యంలో చేరకముందు చేసిన వృత్తి, సేవ చేసిన ఏళ్ళు, ఒంటి మీద గాయాలు కూడా దొరుకుతాయి. నేతపనివాడో, చెప్పులు కుట్టేవాడో, పొలం కూలీయో తెలుస్తుంది. ఆకలితో పటాలంలో చేరిన ఐర్లండు పల్లె కుర్రవాడి ముఖం లీలగా కనబడుతుంది. ఆ కాగితాలు చదివితే ఆ రౌతుల మీద ద్వేషం నిలవదు. వారూ ఎవరి యుద్ధమో చేసినవారే.

రాజుగారి పటాలం కాగితాలు యుద్ధశాఖకు పోయాయి. కంపెనీ పటాలాల కాగితాలు కంపెనీకి పోయాయి. ఈ ఒక్క తేడా తెలియక ఏళ్ళు పోగొట్టుకున్న పరిశోధకులున్నారు. కంపెనీ కాగితాల్లో లండన్‌కు చేరినవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. మద్రాసులో మిగిలినవి ఎగ్మూరులోని తమిళనాడు అభిలేఖాగారంలో ఉన్నాయి. కంపెనీ యూరోపియన్ అధికారుల వివరాలు పుట్టుక నుంచి సమాధి దాకా దొరుకుతాయి. సిపాయిల చిట్టాలు మాత్రం పటాలాల దగ్గరే ఉండిపోయి చాలామటుకు నశించాయి. ఉత్తర సర్కారుల నుంచి, కర్ణాటక సీమ నుంచి చేరిన తెలుగు సిపాయిలను ఆనాటి కాగితాల్లో జెంటూలు అన్నారు. ఒక జాతి పేరు దొరుకుతుంది. ఆ జాతిలో మనిషి పేరు దొరకదు.

ఇప్పుడు వేలూరుకు వద్దాం. తెలుగువారికి ఆ కోట పరాయిది కాదు. విజయనగరం చివరి రాజవంశమైన అరవీడువారికి అది రాజధాని. తెలుగు మూలాలున్న కండి చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహుడు బ్రిటిషువారికి బందీగా 1832లో ప్రాణం విడిచింది కూడా అక్కడే. 1806లో ఆ కోటలో 69వ పటాలానికి చెందిన నాలుగు కంపెనీల తెల్ల సైనికులు, మూడు మద్రాసు సిపాయి బెటాలియన్లు ఉన్నాయి. కోట లోపలి మహళ్ళలో టిప్పు కుటుంబం బందీగా ఉంది.

అంతకు ముందు ఏడాది చివర మద్రాసు సేనాధిపతి జాన్ క్రాడక్ కొత్త నియమాలు తెచ్చాడు. కవాతులో సిపాయి నుదుట బొట్టు, నామం, విభూతి ఉండరాదు. గడ్డం గీయాలి, మీసం ఒకే తీరున కత్తిరించాలి. పాత తలపాగా పోయి తోలు ముక్క తగిలించిన కొత్త టోపీ వచ్చింది. అది హిందువుకూ ముస్లిముకూ ఒకేసారి తగిలిన దెబ్బ. మే నెలలోనే సిపాయిలు ఎదురు తిరిగారు; ఇద్దరికి కొరడా దెబ్బలు పడ్డాయి, ఒకరు హిందువు, ఒకరు ముస్లిం. జూన్‌లో ముస్తఫా బేగ్ అనే సిపాయి తిరుగుబాటు జరగబోతున్నదని దొరలకు చెబితే, అతనికి పిచ్చిపట్టిందని బంధించారు. జూలై 9న టిప్పు కుమార్తె పెళ్ళి. ఆ రాత్రి దాటి 10వ తేదీ ఇంకా తెల్లవారకముందే కాల్పులు మొదలయ్యాయి.

జరిగింది జరిగినట్టు చెప్పాలి. సిపాయిలు నిద్రలో ఉన్న తెల్ల సైనికులను చంపారు, ఆసుపత్రిలో రోగులను కూడా వదల్లేదు. కోటాధిపతి కర్నల్ ఫాన్‌కోర్ట్ హతుడయ్యాడు. 14 మంది అధికారులు, 69వ పటాలంలో 115 మంది సైనికులు చనిపోయారు. కోట మీద మైసూరు పులిచారల జెండా లేచింది. తరువాత ఏం చేయాలో సిపాయిలకు తెలియలేదు. కొందరు దోపిడీలో పడ్డారు, కాపలా సడలింది. ఆ రాత్రి కోట బయట ఉన్న మేజర్ కూప్స్ ఆర్కాటుకు కబురు పంపాడు.

ఆర్కాటులో 19వ పటాలానికి అధిపతి రోలో గిలెస్పీ. ఐర్లండులోని కోంబర్ ఊరివాడు, పొట్టివాడు, మొండివాడు. కబురందగానే అందుబాటులో ఉన్న రౌతులతో బయలుదేరాడు. పదహారు మైళ్ళు. అతను కోట చేరేసరికి బతికిన తెల్ల సైనికులు అరవైమంది దాకా ద్వారం పైభాగాన నిలబడి ఉన్నారు. గిలెస్పీ తాడు పట్టుకుని గోడెక్కి వారిని కలిశాడు. వెనక గుర్రాల మీద వచ్చిన చిన్న ఫిరంగులు తలుపును పేల్చాయి. రౌతులు లోపలికి దూసుకుపోయారు. వారిలో మద్రాసు దేశీయ అశ్వికదళం వారు కూడా ఉన్నారని ఉపన్యాసాల్లో ఎవరూ అనరు. ఆ ఉదయం కత్తికి రెండు వైపులా ఈ దేశంవారే ఉన్నారు.

ఎదురైన సిపాయినల్లా నరికారు. రాజభవనంలో తలదాచుకున్న వందమంది దాకా సిపాయిలను బయటికి ఈడ్చి, గోడకు ఆనించి కాల్చి చంపారు. తలుపు పేల్చిన ఇంజనీరు అధికారి బ్లేకిస్టన్ ఆ దృశ్యం చూసినవాడే. ఇరవై ఏళ్ళకు పైగా గడిచాక రాసిన జ్ఞాపకాల్లో, ఆనాడు దాన్ని నిబ్బరంగానే చూడగలిగానని ఒప్పుకున్నాడు, అది న్యాయమే అన్నాడు. ఆ నిజాయితీకి అతనికి రుణపడి ఉండాలి. లేకపోతే ఆ గోడ సంగతి కూడా మనకు ఇంత స్పష్టంగా తెలిసేది కాదు.

చనిపోయిన సిపాయిలు ఎందరు? కొన్ని గ్రంథాలు 350 అంటాయి. కొన్ని 800 దాటిస్తాయి. 69వ పటాలం మృతుల సంఖ్య మాత్రం అధికారులు, సైనికులు అని విడదీసి తేలింది. సిపాయిల విషయంలో నాలుగైదు వందల ప్రాణాల తేడా రెండు శతాబ్దాలుగా తేలలేదు. తేల్చవలసిన అవసరం ఎవరికీ రాలేదు. చచ్చినవాడికి జీతం ఇవ్వనక్కరలేదు కదా.

విచారణ జరిపి శిక్షించినవారి లెక్క మాత్రం నిక్కచ్చిగా ఉంది. ఆరుగురిని ఫిరంగి నోటికి కట్టి పేల్చారు. అయిదుగురిని కాల్చారు. ఎనిమిదిమందిని ఉరితీశారు. అయిదుగురిని ద్వీపాంతరం పంపారు. రాజ్యం చట్టప్రకారం చంపినవాడికి కాగితం ఉంది, గోడ దగ్గర చంపినవాడికి లేదు. మన ఎన్‌కౌంటర్ల చరిత్ర తెలిసిన తెలుగు పాఠకులకు ఈ తేడా వివరించనక్కరలేదు.

ఎగ్మూరులోని అభిలేఖాగారంలో రహస్య విభాగపు సంపుటాల్లో వేలూరు విచారణ కాగితాలున్నాయి. సిపాయిల గొంతు వినబడేది అక్కడే. అయితే ఎవరి గొంతు? సాక్ష్యం చెప్పినవారిది, క్షమాభిక్ష కోరినవారిది, నేరం మోపబడినవారిది. నాయకులుగా షేక్ కాసిం, షేక్ హుస్సేన్ వంటి జమేదార్ల పేర్లు మిగిలింది అలాగే. ముందే సమాచారమిచ్చిన ముస్తఫా బేగ్ పేరు అందరికంటే బాగా మిగిలింది. పిచ్చివాడన్న ముద్ర తీసేసి 2,000 వరహాలు, సుబేదారు పింఛను ఇచ్చారు మరి. పింఛనుంటే పేరుంటుంది. కోటలో ఆ రాత్రి గడిపిన అనుభవాన్ని కొద్దిరోజులకే కాగితం మీద పెట్టినది ఫాన్‌కోర్ట్ భార్య అమీలియా. భర్తను పోగొట్టుకుని పిల్లలతో దాక్కున్న ఆమె వేదన చదివితే గుండె కలుక్కుమంటుంది. కానీ ఆ రోజు భర్తను పోగొట్టుకున్న సిపాయి భార్య మాట వినడానికి ఒక్క పుట కూడా నాకు దొరకలేదు.

ఆ సెగ వేలూరుతో ఆగలేదు. అదే జూలైలో హైదరాబాద్‌లోని కంపెనీ దండులో కూడా తలపాగా మీదే అలజడి రేగింది. అక్కడి అధికారులు తెలివిగా ఆ ఉత్తర్వును ఉపసంహరించడంతో నెత్తురు పారలేదు. ఒక కాగితం వెనక్కి తీసుకోవడం ఎంత చవకో ఆ రెండు ఊళ్ళనూ పక్కపక్కన పెడితే తెలుస్తుంది. టిప్పు కుమారులను కలకత్తాకు తరలించారు. క్రాడక్‌నూ గవర్నర్ విలియం బెంటింక్‌నూ వెనక్కి పిలిచారు. ఆ బెంటింకే 1828లో గవర్నర్ జనరల్‌గా తిరిగి వచ్చాడు. సతీసహగమనాన్ని నిషేధించినవాడుగా మనం చదువుకున్నాం.

తిరగబడిన బెటాలియన్లను సైన్యం జాబితా నుంచి కొట్టేశారు. 1, 23 అన్న సంఖ్యలే లేకుండా చేశారు. కంపెనీకి నమ్మకంగా నిలిచినవారిని కొత్త సంఖ్యల కింద చేర్చారు. వారిలో ఒకప్పటి మొదటి పటాలంవారు 24వ పటాలం అయ్యారు. 1817 నవంబరులో నాగపూరు దగ్గర సీతాబల్డీ గుట్ట మీద ఆ 24వ పటాలం భోంస్లే సైన్యాన్ని ఎదిరించి నిలిచింది. ఏం బహుమానం కావాలని అడిగితే ఆ సిపాయిలు సొమ్ము అడగలేదు, తమ పాత సంఖ్య తమకు తిరిగి ఇవ్వమన్నారు. ఇచ్చారు. ఈ మొత్తం పరిశోధనలో నన్ను కదిలించిన సంగతి ఇదే. దీన్ని బానిస బుద్ధి అని తీసిపారేసేవారుంటారు. నేను అలా అనలేను. పదకొండేళ్ళ క్రితం తమవారు ఏ సంఖ్య కింద చనిపోయారో ఆ సంఖ్యను వారు తెచ్చుకున్నారు. కంపెనీ కాగితాల మీద చచ్చిన తోటివారిని తలచుకోవడానికి వారికి ఉన్న దారి అదొక్కటే కావచ్చు.

మరి 19? వేలూరు తరువాత కొద్దినెలలకే ఆ పటాలం ఇండియా వదిలింది. కెనడాలో అమెరికన్లతో యుద్ధం చేసి నయాగరా పేరు పొందింది. 1821లో ఖర్చు తగ్గించుకోవడానికి దాన్ని రద్దు చేశారు. దాని వారసత్వం నలభై ఏళ్ళు గాలిలో ఉంది. 1857 తరువాత కంపెనీ హడావుడిగా చేర్చుకున్న బెంగాల్ యూరోపియన్ రౌతులను రాజు సైన్యంలో కలిపినప్పుడు 19వ హుస్సార్లన్న పేరు పెట్టారు. పాత పటాలంతో రక్తసంబంధం గానీ కొనసాగింపు గానీ లేని ఆ కొత్తవారికి అస్సాయి ఏనుగును కట్టబెట్టారు. వారి తరఫున కర్నల్ జాన్ బిడల్ఫ్ 1899లో ఆ నాలుగు పటాలాలకూ కలిపి చరిత్ర రాశాడు. గిల్గిత్‌లో తొలి పొలిటికల్ ఏజెంటుగా పనిచేసినవాడు, శ్రమజీవి, అతని పుస్తకం లేకుండా ఈ వ్యాసం లేదు. 1922లో ఆ హుస్సార్లు మరో పటాలంలో కలిశారు, 1992లో అది ఇంకొకదానిలో కలిసింది.

గిలెస్పీ కథ డెహ్రాడూన్ దగ్గర ముగిసింది. 1814 అక్టోబరు 31న, నేపాల్ యుద్ధం తొలిరోజుల్లో, నాలాపానీ కోట మీదికి తన పద్ధతిలోనే ముందు నడిచి తూటాకు బలయ్యాడు. కోటను కాచినవాడు గూర్ఖా నాయకుడు బలభద్ర కున్వర్. కోట పడిపోయిన తరువాత బ్రిటిషువారు అక్కడ రెండు స్తంభాలు నిలిపారు. ఒకటి గిలెస్పీకీ అతనితో కూలినవారికీ. రెండోది తమ శత్రువైన బలభద్రుడికీ అతని గూర్ఖాలకూ, వారి శౌర్యాన్ని మెచ్చుకుంటూ. రెండూ ఒకే ఎత్తున, పక్కపక్కన ఇప్పటికీ ఉన్నాయి. నేపాల్ నుంచి వచ్చేవారు అక్కడ తలవంచి వెళతారు.

వేలూరులో 69వ పటాలం మృతులకు కోట పక్క పాత శ్మశానంలో సమాధి ఉంది. సిపాయిలకు స్వతంత్ర భారతం స్తంభం కట్టింది, 2006లో తపాలా బిళ్ళ వేసింది. స్తంభం మీద గానీ బిళ్ళ మీద గానీ పేర్లు వేయడానికి పేర్లు ఉండాలి. ఎగ్మూరు సంపుటాల్లో సాక్ష్యాలు, తీర్పులు, క్షమాభిక్ష అర్జీల మధ్య చెదిరి ఉన్న పేర్లను ఒక్కచోట పోగుచేసి, ఊరు తెలిస్తే ఊరు, పటాలం తెలిస్తే పటాలం రాసి ప్రజలముందు పెట్టడం ఏ ప్రభుత్వానికీ పెద్ద ఖర్చు కాదు. నాలుగుగురు పరిశోధకులు, రెండేళ్ళు. ఆ కుట్ర ఎవరిదన్న వాదం ఆ తరువాత ఎంతకాలమైనా చేసుకోవచ్చు. క్యూలో చెల్సీ పింఛనుదారుల పేర్ల సూచిని ఎవరైనా ఇంట్లో కూర్చుని వెతకవచ్చు. నేను వెతికింది అలాగే. ఎగ్మూరు సంపుటాలు చూడాలంటే మాత్రం అర్జీ పెట్టుకుని, ఆ పుట చేతిలో పెడితే పొడి కాకుండా ఉండాలని కోరుకుంటూ బల్ల ముందు కూర్చోవాలి.